"మావోడు చేసింది పంపాలంటే సిగ్గేస్తాది మేడమ్": పిల్లలతో పండగ పనులు, అపోహలు - వాస్తవాలు

నిన్న రాత్రి పదిన్నరకి ఫోన్. మా బడిలో ఎల్‌కేజీ చదివే ఒక బాబు వాళ్లమ్మ. దసరా సెలవులయ్యాక బ్రహ్మోత్సవాల గురించి పిల్లలతో ఏదైనా చేయించి పంపమన్నాం. ఆమె థర్మాకోల్‌తో గరుడ వాహనం చేస్తోంది. ఒక రెక్క నిలబడటం లేదట, గ్లూ గన్ తగిలి వేలు కాలిందట. "బాబు ఏం చేస్తున్నాడమ్మా?" అన్నాను. "వాడు నిద్రపోయినాడు మేడమ్. ముట్టుకుంటే చెడగొడతాడు. మావోడు చేసింది పంపాలంటే సిగ్గేస్తాది" అంది. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

తిరుపతిలో 17 ఏళ్లుగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతోనే నా పని. ఈ ఫోన్ ప్రతి పండక్కీ వస్తుంది. సంక్రాంతికి గాలిపటం, ఉగాదికి మామిడాకు, చవితికి వినాయకుడు. పేర్లు మారతాయి, టెన్షన్ అదే.

అపోహ: పిల్లలు చేసింది చూడముచ్చటగా ఉండాలి, లేకపోతే పెద్దవాళ్లు సరిచేసి పంపాలి.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఇదే. తల్లికి నిద్ర పోతుంది, డబ్బు పోతుంది, పిల్లలకి దక్కాల్సిన పని దక్కకుండా పోతుంది.

మామూలుగా మూడేళ్లప్పుడు పిల్లలు గుండ్రం చూసి గీస్తారు. చతురస్రం గీయడానికి నాలుగు దాటాలి, త్రిభుజానికి ఐదేళ్లు రావాలి. కొందరికి ఆర్నెల్లు అటూ ఇటూ. అలాంటప్పుడు నాలుగేళ్ల పిల్లాడు గరుత్మంతుడి ముక్కు కత్తిరించి అతికించాలంటే ఎలా? వాళ్ల వేళ్లకి వచ్చిన పనులు వేరే ఉన్నాయి. కాగితం చించడం, ముద్ద చేయడం, అదమడం, వేలితో రంగు అద్దడం. ముగ్గు పిండి చిటికెలో పట్టి కొంచెం కొంచెంగా వదలడం మరీ మంచిది. రేపు పెన్సిల్ పట్టుకునేది ఆ మూడు వేళ్లే. గీత వంకరగా పోతే పోనివ్వండి. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఆటపాటలతో, చేతి పనులతో సాగాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. అందులో తల్లుల చేతి పని ఎక్కడా లేదు.

తప్పంతా తల్లుల మీద వేయను. బడులు పోటీలు పెడతాయి, ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెడతాయి, పక్కింటి పాప "చేసిన" తోరణం చూసి ఈమెకి గుండె జారిపోతుంది. నేనూ మొదటి రెండు మూడేళ్లు మంచి బొమ్మకి బహుమతి ఇచ్చాను. ఒక్కసారి కూడా అది పిల్లలకి దక్కలేదు, అమ్మలకో ట్యూషన్ అక్కలకో పోయింది. అది అర్థమయ్యాక మానేశాను.

మూడేళ్ల కిందట చవితికి ముందు వారం తరగతిలో తలా ఒక బత్తాయికాయంత బంకమన్ను ఇచ్చాను. ఒక పిల్లోడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "చెయ్యి నాన్నా" అంటే "అమ్మ చేస్తాది" అన్నాడు. మారాం ఏమీ లేదు. కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి అన్నంత మామూలుగా అన్నాడు. నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు.

రెండు రోజుల తర్వాత ఉండ్రాళ్లు పెట్టుకున్నాం. గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు నానిన శనగపప్పు, జీలకర్ర, ఉప్పు. ఆయమ్మ వంటగదిలో ఉడికించి దించాక, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి పళ్లేల్లో పెట్టాం. అరచేతులకి నూనె రాశాం. ఆ పిల్లోడు కాసేపు చూశాడు. ఒక వేలు గుచ్చాడు. అంటుకున్న రవ్వని నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి తెరిచాడు, నాలుగు వేళ్ల గుర్తులతో ముద్ద. మళ్లీ ఇంకోటి. ఏడోదో ఎనిమిదోదో కాస్త గుండ్రానికి వచ్చింది, బొటనవేలి గుంట మాత్రం అలాగే ఉంది. అవన్నీ ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించి డబ్బాలో ఇంటికి పంపాం. చవితి మరుసటి రోజు వాళ్ల అవ్వ బడికొచ్చి "పండగనాడు వాడే రవ్వ ఇమ్మని అడిగినాడు మేడమ్, వాడు చేసినవే ముందు దేవుడికి పెట్టినా" అంది. ఆ తర్వాత మట్టి ఇస్తే చేతులు కట్టుకోలేదు.

కాబట్టి మీ చేతులు వెనక్కి పెట్టుకోండి. పొయ్యి, కత్తి, గ్లూ గన్ మీవి. మిగతాది వాళ్లకి వదిలేయండి.

అపోహ: దీపావళికి మట్టి ప్రమిద కన్నా బ్యాటరీ దీపం పిల్లలకి క్షేమం.

వాస్తవం: దీని గురించి భయపెట్టక తప్పదు. గాంధీ రోడ్డు షాపుల్లో పదీ ఇరవైకి దొరికే చిన్న ప్లాస్టిక్ దీపాల్లో చాలావాటి అడుగున బటన్ సెల్, అంటే బొత్తాం లాంటి చిన్న గుండ్రటి బ్యాటరీ, ఉంటుంది. మూతకి స్క్రూ ఉండదు, గోటితో తీస్తే వస్తుంది. మెరిసే బిళ్ల కనిపిస్తే ఏడాదిన్నర పిల్ల ఏం చేస్తుంది? నోట్లో పెట్టుకుంటుంది. అది ఆహార నాళంలో ఇరుక్కుంటే అక్కడి తడికి కరెంటు ప్రవహించి కాస్టిక్ లాంటి క్షారం తయారవుతుంది, రెండు గంటల్లోనే లోపల పుండు పడొచ్చు. మింగిందని అనుమానం వస్తే "రేపు మోషన్‌లో పోతుందిలే" అని ఎవరన్నా వినకండి. వాంతి చేయించకండి. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. మట్టి ప్రమిదకి పిల్లలతో రంగులు వేయించి, వెలిగించేది మీరు వెలిగించి, పక్కనే కూర్చుంటే చాలు.

మిగతావి గబగబా చెప్తాను.

మైదా, ఉప్పు కలిపిన ముద్ద "తినే సరుకే కదా" అంటారు. రెండు కప్పుల మైదాకి కప్పు ఉప్పు పడుతుంది. అంత ఉప్పు చిన్న ఒంటికి ప్రమాదం. బొమ్మలకి వాడండి, నోటికి పోనివ్వకండి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో పిల్లల అరచేతి అచ్చు తీయొద్దు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, చెయ్యి లోపలే ఉంటే కాలుతుంది. మట్టిలో అచ్చు తీయండి. మట్టి బొమ్మ పగిలితే మట్టిని తిట్టకండి, ఎండలో పెట్టారు కాబట్టి పగిలింది. నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. తొండం ఊడిపోతుంటే రెండు వైపులా పుల్లతో గీరి, పల్చటి మట్టి నీళ్లు రాసి అతికించండి.

నువ్వుల ఉండలు పిల్లలతో చేయించడానికి పాకం అక్కర్లేదు. బెల్లం పాకం మరిగే నీళ్ల కన్నా వేడి, పైగా చర్మానికి అంటుకుని వదలదు. వేయించి చల్లార్చిన నువ్వులు, బెల్లం రోట్లో దంచితే చిమ్మిలి. రోకలి మీరు పట్టుకోండి, ఉండలు వాళ్లు చేస్తారు. పొరపాటున ఎక్కడైనా కాలితే టూత్‌పేస్టూ వద్దు, ఇంకూ వద్దు. 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టి డాక్టర్‌కి చూపించండి.

ఐదేళ్లలోపు వాళ్లకి గింజలు గింజలుగా వేరుశనగ పెట్టకండి. భోగిపళ్లు పోశాక కింద పడ్డ శనగలు, రేగుపళ్లు, చిల్లర వెంటనే ఏరేయండి. గొంతుకి అడ్డం పడేవి అవే.

గోరింటాకు ఎంత పండినా ఎరుపే, మహా అయితే ముదురు గోధుమ రంగు. గంటలో నల్లగా పండే కోన్‌లో జుట్టుకి వేసే రసాయనం కలిపి ఉండొచ్చు, పిల్లల చర్మం బొబ్బలెక్కుతుంది. ఆకు దొరికితే నూరి పెట్టండి.

నిన్న ఫోన్ చేసిన ఆమెకి ముందు వేలు నీళ్ల కింద పెట్టమని, తర్వాత థర్మాకోల్ అటకెక్కించమని చెప్పాను. గరుడ సేవకి చెన్నై నుంచి గొడుగులు వస్తాయి కదా, అది చేయించమన్నాను. ఒక పేపర్ ప్లేటు, ఒక చీపురు పుల్ల. బాబు పాత కాగితం పేలికలుగా చించి అంచుకి అంటించాలి, అవే గొడుగు కుచ్చులు. పసుపు నీళ్లలో వేలు ముంచి చుక్కలు పెట్టాలి. పుల్ల గుచ్చడం ఒక్కటే ఆమె పని. గొడుగు ఒక పక్కకి వాలుతుంది మేడమ్ అంది. అలాగే పంపమన్నాను.