ఆరు ఎపిసోడ్లకే ఎందుకు ఆపేస్తారు?

2024 క్రిస్మస్ రాత్రి బీబీసీలో 'గావిన్ అండ్ స్టేసీ' అనే సిట్‌కామ్ (అవే పాత్రలతో నడిచే అరగంట హాస్య ధారావాహిక) ఆఖరి ఎపిసోడ్ వచ్చింది. ఆ రాత్రే 1 కోటి 23 లక్షల మంది చూశారు. బ్రిటన్‌లో క్రిస్మస్ రోజు ఒక కార్యక్రమానికి అంతమంది ప్రేక్షకులు రావడం 2008 తర్వాత అదే మొదటిసారి. కానీ అదే ఏడాది మే నెలలో బీబీసీ కామెడీ విభాగం అధిపతి జాన్ పెట్రీ, సిట్‌కామ్‌ను కాపాడుకుందాం రండి అని పరిశ్రమకు పిలుపునిచ్చారు. జనం ఇంత ఇష్టపడేదాన్ని కాపాడుకోవాల్సిన పరిస్థితి ఎందుకొచ్చిందన్నది డబ్బు లెక్కలతోనే తేలదు. ఈ సిట్‌కామ్‌లు ఎలా తయారవుతూ వచ్చాయో కూడా చూడాలి.

'గావిన్ అండ్ స్టేసీ' మొదలైంది 2007లో. 17 ఏళ్లలో వచ్చినవి 22 ఎపిసోడ్లే. రాసింది రూత్ జోన్స్, జేమ్స్ కోర్డెన్, ఇద్దరే. ఏళ్ల తరబడి రోజూ నడిచే సీరియళ్లకు అలవాటుపడ్డ మనకు ఇది వింతగానే ఉంటుంది. అమెరికా టీవీ పద్ధతి వేరు. గదినిండా రచయితలు కూర్చుని ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్లు రాసేవారు. బ్రిటన్‌లో ఎక్కువగా ఒకరో ఇద్దరో రాస్తారు. ఇద్దరు మనుషులు ప్రాణం పెట్టి రాస్తే ఏడాదికి తేలేవి ఆరో ఏడో. ఆ లెక్క అలా స్థిరపడింది.

ఈ జంట రచయితల సంప్రదాయంలో నన్ను ఎక్కువగా కదిలించే కథ ఒక క్షయ ఆసుపత్రిలో మొదలవుతుంది. 1948లో ఇంగ్లండ్‌లోని సర్రీ ప్రాంతంలో, మిల్‌ఫర్డ్ శానిటోరియంలో ఇద్దరు కుర్రాళ్లు రోగులుగా కలిశారు. రే గాల్టన్, అలన్ సింప్సన్. ఇద్దరికీ ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. నెలల తరబడి మంచాన పడి ఉండటమే అప్పటి వైద్యం. రేడియోలో కామెడీలు వింటూ, ఆసుపత్రి రేడియో కోసం తామే స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టారు. 1954లో కమెడియన్ టోనీ హాంకాక్ కోసం 'హాంకాక్స్ హాఫ్ అవర్' రాసే నాటికి వారికి ఒక పట్టుదల ఏర్పడింది. అప్పటి రేడియో కామెడీ అంటే ఒక స్కిట్, మధ్యలో ఒక పాట, ప్రతివారం అదే ఊతపదం. వీళ్లు అవన్నీ పక్కన పెట్టి, అరగంట పాటు ఒకే కథ నడపాలనుకున్నారు. నవ్వు జోకుల్లోంచి కాకుండా మనిషి స్వభావంలోంచి రావాలనుకున్నారు. ఆ కార్యక్రమం 1956లో టీవీకి వచ్చింది.

1961లో హాంకాక్ వారితో తెగతెంపులు చేసుకున్నాడు. అప్పుడు బీబీసీ అధికారి టామ్ స్లోన్ వాళ్లను పిలిచి, పది అరగంటలు ఇస్తాను, మీకు నచ్చింది రాసుకోండన్నాడు. ఆ పదింటిలో నాలుగోది 1962 జనవరి 5న ప్రసారమైంది. పాత సామాను కొనే తండ్రీకొడుకుల కథ. ఇల్లు వదిలి పోతానంటూ కొడుకు తన సామానంతా బండికి ఎక్కిస్తాడు. బండి కదలదు. దాన్ని లాగలేక అక్కడే ఏడ్చేస్తాడు. తండ్రి టీ పెడతానంటూ లోపలికి తీసుకెళ్తాడు. కామెడీ పేరుతో వచ్చిన అరగంట అలా ముగిసింది! అదే 'స్టెప్టో అండ్ సన్'గా పెరిగి 1974 దాకా నడిచింది. నవ్వించడమే వృత్తిగా ఉన్న కమెడియన్లను కాదని నాటకరంగం నుంచి వచ్చిన నటులను తీసుకోవడం కూడా అక్కడ బాగా కలిసొచ్చింది.

స్లోన్ చూపిన ఆ నమ్మకమే నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి కీలకం. 'ఫాల్టీ టవర్స్' విషయంలోనూ అదే జరిగింది. 1970లో మాంటీ పైథాన్ అనే హాస్యనటుల బృందం ఇంగ్లండ్‌లోని టార్కీ పట్టణంలో ఒక హోటల్‌లో దిగింది. ఆ బృందంలోని ఎరిక్ ఐడిల్ బ్రీఫ్‌కేసులో బాంబు ఉందేమోనని యజమాని దాన్ని బయట పెట్టించాడు. అదే బృందంలోని జాన్ క్లీజ్ ఆ మనిషిని మరిచిపోలేదు. 'ఫాల్టీ టవర్స్'లోని హోటల్ యజమాని పాత్రకు మూలం ఆయనే. భార్య కోనీ బూత్‌తో కలిసి రాసిన స్క్రిప్టును 1974లో బీబీసీలో చదివిన ఉద్యోగి, ఇవన్నీ అరిగిపోయిన పాత్రలు, ఇది ఘోరంగా దెబ్బతింటుందని నోట్ రాశాడు. అయినా పైవాళ్లు క్లీజ్ మీద నమ్మకంతో ముందుకెళ్లారు. ఒక్కో స్క్రిప్టుకు ఆరేసి వారాలు పట్టేదట. 1975లో ఆరు, 1979లో ఆరు, అంతే. 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేయించిన ఉత్తమ బ్రిటిష్ టీవీ కార్యక్రమాల జాబితాలో మొదటి స్థానం ఆ పన్నెండు ఎపిసోడ్లదే. అందరూ దాన్ని క్లీజ్ సిరీస్ అంటారు. అందులో సగం కోనీ బూత్ కష్టమని చెప్పుకోవడం న్యాయం. మధ్యలో ఇద్దరూ విడాకులు తీసుకున్నా, రెండో విడత కలిసే రాశారు.

జాన్ సలివన్ ఒంటరిగా రాశాడు. పదిహేనేళ్లకే బడి మానేసి, బీబీసీలో సెట్ సామాను మోసే పనిలో చేరి, తన స్క్రిప్టును నిర్మాత దగ్గరికి స్వయంగా పట్టుకెళ్లిన మనిషి. ఆయన 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్'లో ఒక ఎపిసోడ్‌ను 1996 డిసెంబర్ 29న 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. ఒక మంత్రికీ అధికారులకూ మధ్య నడిచే 'యెస్ మినిస్టర్' రాసిన ఆంటొనీ జే, జోనథన్ లిన్ ప్రభుత్వంలో లోపల పనిచేసినవాళ్లను అడిగి మరీ సంగతులు సేకరించారు. ఫరూక్ షేక్ నటించిన హిందీ 'జీ మంత్రీజీ' దాని నుంచి వచ్చిందే.

ఇంత శ్రమను ఆ రోజుల్లో సంస్థలే సరిగా దాచుకోలేదు. వీడియో టేపు ఖరీదైనది. పునఃప్రసారాలకు పరిమితులుండేవి. దాంతో పాతవి చెరిపి కొత్తవి రికార్డు చేసేవారు. 1969లో వచ్చిన 'డాడ్స్ ఆర్మీ' సిట్‌కామ్ ఎపిసోడ్లు మూడు అలాగే పోయాయి.

ఇప్పుడు బెంగ టేపుల గురించి కాదు. స్టూడియో, నటులు, ప్రేక్షకుల ముందు రికార్డింగ్, అన్నిటి ఖర్చూ పెరిగింది. క్రైమ్ డ్రామాలకు విదేశీ పెట్టుబడి దొరికినంత తేలిగ్గా, ఒక ఊరి యాస మీద నడిచే అరగంట నవ్వుకు దొరకదు. ఇద్దరు కొత్త రచయితలకు పది అరగంటలిచ్చి, నచ్చింది రాసుకోండని టామ్ స్లోన్‌లా చెప్పగలిగే అధికారి ఇవాళ ఏ ఛానెల్‌లో ఉన్నా, ఆ పది అరగంటల డబ్బు ముందు తెచ్చుకోవాలి.