మనసుకు గీటురాయి ఉందా?

కంసాలి నల్లటి గీటురాయి మీద ఉంగరాన్ని గీస్తాడు. సన్నటి పసుపు చార పడుతుంది. దాని మీద ఆమ్లం చుక్క వేస్తాడు. ఇత్తడి చార అయితే కరిగి మాయమవుతుంది, బంగారం చార నిలుస్తుంది. కంటికి రెండూ ఒకేలా మెరిసినా లోపలి సరుకు వేరని ఆ చుక్క తేల్చేస్తుంది. మరి నొప్పి, దిగులు, కోపం? ఈ ఒక్కో పేరు వెనక బంగారం లాంటి ఒకే సరుకు ఉందా, లేక వేర్వేరు వాటిని మనమే ఒక మాటతో మూటగట్టామా? తత్వశాస్త్రంలో సహజ జాతులు, మానసిక జాతులు అంటూ సాగుతున్న వాదం ఇదే. (జాతి అంటే ఇక్కడ కులమో దేశమో కాదు. ఆవులన్నిటిలో ఉండే గోత్వం లాంటిది, తర్కశాస్త్రం చెప్పే అర్థంలో.)

మంచి కసాయి కీలు చూసి కోస్తాడని, లోకాన్ని కూడా అలాగే విభజించాలని ప్లేటో నాడే అన్నాడు. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ దీనికి అడ్డుపడ్డాడు. మనం పైకి కనిపించే గుణాలను బట్టి పేర్లు పెడతాం, వస్తువు లోపలి అసలు స్వరూపం మనకు అందదు అన్నాడు. పరమాణువు లోపల ఏముందో ఎవరికీ తెలియని రోజుల్లో అంతకు మించి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు! 1843లో మరో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ ఒక తేడా పట్టుకున్నాడు. తెల్లటి వస్తువులన్నిటికీ తెలుపు తప్ప ఇంకేదీ ఉమ్మడిగా ఉండనక్కర్లేదు. గంధకం అలా కాదు, తవ్వేకొద్దీ కొత్త ఉమ్మడి గుణాలు బయటపడుతూనే ఉంటాయి.

1970లో ప్రిన్స్‌టన్‌లో అమెరికా తత్వవేత్త సాల్ క్రిప్కీ ఇచ్చిన మూడు ఉపన్యాసాలతో వాదం మలుపు తిరిగింది. బంగారం అంటే పరమాణు సంఖ్య 79 ఉన్న మూలకం. ఆ సంఖ్య తెలియని కాలంలో కూడా జనం బంగారం అన్నది దాన్నే. మరో అమెరికా తత్వవేత్త హిలరీ పట్నం కూడా అదే దశకంలో నీటి గురించి ఇలాంటి వాదనే చేశాడు. అయితే ఇదే కొలత మనసుకు పెట్టబోతే కుదరదని క్రిప్కీయే చూపించాడు. వేడి వేరు, వేడిగా అనిపించడం వేరు. మనిషన్నవాడు లేకపోయినా వేడి ఉంటుంది. నొప్పికి ఈ వెసులుబాటు లేదు. నొప్పిగా అనిపించిందంటే అది నొప్పే. కాకి బంగారం ఉంటుంది గానీ కాకి నొప్పి అంటూ ఉండదు.

ఇది చదివినప్పుడల్లా నాకు మన అన్నంభట్టు గుర్తొస్తాడు. 17వ శతాబ్దపు ఈ తెలుగు పండితుడు తర్కసంగ్రహంలో దుఃఖాన్ని నిర్వచించిన తీరు చూడండి: అందరికీ ప్రతికూలంగా తెలిసేది దుఃఖం. ఒంట్లో ఏ మార్పు వస్తే దుఃఖమో చెప్పలేదు, తెలియడాన్నే లక్షణంగా పెట్టాడు. ప్రతి మాటకూ ఒక జాతి ఉండదన్న ఎరుక కూడా నైయాయికులకు, అంటే న్యాయ దర్శన పండితులకు, ఉంది. వాళ్లలో ఒకడైన ఉదయనాచార్యుడు జాతి అనిపించుకోవడానికి ఆరు అడ్డంకులు చెప్పాడు. వాటిలో సాంకర్యం ఒకటి. దానికి వాడుకగా ఇచ్చే ఉదాహరణలో మనసే ఉంది. ఆకాశం భూతమే (పంచభూతాల్లో ఒకటి) గానీ మూర్తం (హద్దులుండి కదిలేది) కాదు. మనసు మూర్తమే గానీ భూతం కాదు. భూమి, నీరు, నిప్పు, గాలి రెండూను. ఇలా ఒకదానిలోకి ఒకటి సగం చొరబడే ధర్మాలు అసలైన జాతులు కావని తీర్పు.

హిలరీ పట్నం 1967లోనే మరో చిక్కు లేవదీశాడు. ఆక్టోపస్‌కు నొప్పి ఉంటే, దాని నాడీవ్యవస్థ మనదాని లాంటిది కాదు కాబట్టి, నొప్పిని మెదడులోని ఫలానా స్థితి అని ఎలా అంటాం? 1992లో జేగ్వాన్ కిమ్ అనే తత్వవేత్త దీనికి జేడ్ రాయితో జవాబిచ్చాడు. జేడ్ పేరుతో అమ్మేది ఒకే ఖనిజం కాదు, జేడైట్, నెఫ్రైట్ అని రెండు. నొప్పి కూడా అలాంటిదే అయితే అది శాస్త్రానికి పనికొచ్చే ఒకే జాతి కాదన్నాడు. వాదన బలమైనదే, కానీ నాకు మింగుడుపడదు. గాయమైన చోటును కాచుకునే ప్రాణి ముందు నిలబడి నీది వేరే ఖనిజం అనగలమా? 2022లో బ్రిటన్ జంతు సంక్షేమ చట్టం చేసినప్పుడు ఆక్టోపస్‌ను అనుభూతి గల ప్రాణుల్లో చేర్చింది.

జబ్బుల పేర్ల దగ్గర ఈ వాదం మనుషుల బతుకుల్లోకి దిగుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన జబ్బుల సూచిక ప్రకారం 9 లక్షణాల్లో 5, రెండు వారాల పాటు, ఉంటే డిప్రెషన్. వాటిలో కుంగుబాటో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఒకటి తప్పనిసరి. లెక్క వేసి చూడండి, ఇద్దరు రోగులకు ఒకే ఒక్క లక్షణం ఉమ్మడిగా ఉన్నా ఇద్దరిదీ అదే జబ్బు. పైగా బంగారానికి తన పేరు తెలియదు, మనిషికి తెలుస్తుంది. పేరు పెట్టగానే మనిషి మారతాడు, ఆ మార్పు తిరిగి పేరునూ మారుస్తుంది అని కెనడా తత్వవేత్త ఇయాన్ హాకింగ్ అన్నది ఇందుకే.

1972లో డల్లస్‌లో జరిగిన ఆ సంఘం సమావేశంలో ఒక వ్యక్తి రబ్బరు ముసుగు, విగ్గు పెట్టుకుని, గొంతు మార్చే మైకు ముందు మాట్లాడాడు. తాను స్వలింగ ప్రేమికుణ్ణని, మానసిక వైద్యుణ్ణని చెప్పాడు. ఆయన జాన్ ఫ్రైయర్. తన వృత్తివాళ్లే తనను రోగి అంటున్నారు, ముఖం చూపిస్తే ఉద్యోగం పోతుంది. మరుసటి ఏడాది, 1973లో, ఆ సంఘం స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేయడానికి 1990 దాకా పట్టింది.

మా అమ్మను మోకాళ్లకు చూపించినప్పుడు డాక్టరు, నొప్పి పదికి ఎంత అని అడిగారు. అమ్మ అంకె చెప్పలేదు. "పగలు తీపులు నాయనా, రాత్రయితే సలుపు, మెట్లెక్కితే పోటు" అంది. మూడు మాటలూ నొప్పే, మూడూ ఒకటి కాదు. నొప్పిపై పరిశోధించే అంతర్జాతీయ సంఘం 1979 నాటి తన నిర్వచనాన్ని 2020లో సవరించింది. మనిషి తనకు నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలని దానికి వివరణలో రాసింది. ఆ రోజు డాక్టరు కాసేపు ఆగి, అంకె వేయాల్సిన గడి పక్కన అమ్మ చెప్పిన మూడు మాటలూ తెలుగులోనే రాసుకున్నారు.