ఆ ఒక్క సీను తీసేయనన్న ఎడ్వర్డ్ బాండ్

1968 దాకా బ్రిటన్‌లో కొత్త నాటకం జనం ముందు ఆడాలంటే స్క్రిప్టును ముందుగా లార్డ్ ఛాంబర్లేన్ ఆఫీసుకి పంపాలి. ఆయన రాజకుటుంబం కొలువులో పెద్ద అధికారి, ఎవరూ ఓటేసి ఎన్నుకున్న మనిషి కాదు. ఆయన మనుషులు స్క్రిప్టు చదివి నీలం పెన్సిలుతో డైలాగులు కొట్టేసేవాళ్లు. ఎందుకు కొట్టేశారో చెప్పాల్సిన పని లేదు, అప్పీలు కూడా లేదు. ఈ పద్ధతి కూలిపోవడంలో ఎడ్వర్డ్ బాండ్ అనే రచయిత మొండితనానికి పెద్ద పాత్ర ఉంది. ఆయన 2024 మార్చి 3న 89 ఏళ్ల వయసులో చనిపోయాడు.

అసలు చట్టం 1737 నాటిది. అప్పటి ప్రధాని రాబర్ట్ వాల్‌పోల్‌ని హెన్రీ ఫీల్డింగ్ లాంటివాళ్లు స్టేజీ మీద ఏకిపారేస్తుంటే, వాళ్ల నోరు కట్టడానికి తెచ్చారు. ఫీల్డింగ్ ఆ తర్వాత నవలల వైపు వెళ్లిపోయాడు. 1843లో చట్టాన్ని మార్చినా కత్తెర మాత్రం అదే చేతిలో ఉండిపోయింది. బెర్నార్డ్ షా 1893లో వేశ్యావృత్తి మీద రాసిన ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’ ఇంగ్లండులో బహిరంగంగా ఆడటానికి 1925 దాకా ఆగాల్సొచ్చింది. 1907లో 71 మంది రచయితలు కలిసి పత్రికకు నిరసన లేఖ రాశారు, 1909లో పార్లమెంటు కమిటీ కూర్చుంది, అయినా ఏమీ కదల్లేదు.

బాండ్ 1934లో ఉత్తర లండన్‌లోని హాలోవేలో కూలి పని చేసుకునే కుటుంబంలో పుట్టాడు. యుద్ధంలో బాంబులు పడుతుంటే పిల్లల్ని ఊళ్లకు పంపించేశారు కదా, అలా వెళ్లినవాళ్లలో ఆయనొకడు. పదిహేనేళ్లకే చదువు ఆగిపోయింది. అంతకుముందు స్కూలు తరఫున ‘మాక్‌బెత్’ చూడ్డానికి వెళ్లినప్పుడు, తన సమస్యల గురించి ఒకరు మాట్లాడటం జీవితంలో అదే మొదటిసారి విన్నట్టు అనిపించిందని తర్వాత చెప్పాడు. 1958లో లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్ రచయితల బృందంలో చేరాడు.

1965లో ‘సేవ్డ్’ వచ్చింది. దక్షిణ లండన్‌లో పనీ పాటా, రేపటి మీద ఆశ లేని కుర్రాళ్లు, ఎప్పుడూ టీవీ మోగే ఒక ఇల్లు, ఏడుస్తున్నా ఎవరూ ఎత్తుకోని ఒక పసిపాప. పార్కులో ఆ కుర్రాళ్లు పసిపిల్లల తోపుడు బండిలో ఉన్న పాపని మొదట ఆటపట్టిస్తారు, తర్వాత గిచ్చుతారు, చివరికి రాళ్లతో కొట్టి చంపుతారు. పాప తండ్రి అనుకునేవాడు కూడా ఆ గుంపులో ఉంటాడు. చదువుతుంటేనే ఊపిరి ఆగినట్టవుతుంది. ఛాంబర్లేన్ ఆఫీసు చాలా కోతలతో పాటు ఈ సీనునీ తీసేయమంది. బాండ్ ఒప్పుకోలేదు. ఆయన వాదన నాకు ఇప్పటికీ సరిగ్గానే అనిపిస్తుంది: జర్మన్ నగరాల మీద బాంబులు కురిపించి ఎంతమంది పిల్లల్ని చంపినా అది వ్యూహం అనిపించుకుంటుంది, పార్కులో ఒక పాప చనిపోతే దాన్ని స్టేజీ మీద చూపించకూడదంటారు. ఆ సీను తీసేస్తే, అంత జరిగాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయిన లెన్ అనే కుర్రాడు చివర్లో మాటామంతీ లేకుండా విరిగిన కుర్చీ బాగుచేసుకోవడానికి అర్థమే లేదు.

రాయల్ కోర్ట్ దర్శకుడు విలియం గాస్కిల్ ఒక దారి చూశాడు. క్లబ్బు సభ్యులకి మాత్రమే ఆడితే లైసెన్సు అక్కర్లేదని అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు, ఛాంబర్లేన్ కూడా చూసీ చూడనట్టు వదిలేసేవాడు. 1965 నవంబర్ 3న అలాగే ఆడారు. విమర్శకుల్లో చాలామంది మండిపడ్డారు. పేరున్న నటుడు లారెన్స్ ఒలీవియర్ మాత్రం, ఇది పెద్దవాళ్ల నాటకం, దీన్ని చూసే ధైర్యం ఈ దేశంలో పెద్దవాళ్లకి ఉండాలి అని పత్రికకు రాశాడు. ఈలోగా సభ్యత్వం సరిగా చూడకుండా లోపలికి పంపారంటూ థియేటర్ మీద కేసు పడింది. 1966లో కోర్టులో ఒలీవియర్ సాక్ష్యం చెప్పినా థియేటర్ ఓడిపోయింది. శిక్ష చిన్నదే, కానీ తీర్పులో అసలు విషయం వేరే ఉంది: క్లబ్బు ప్రదర్శనలకీ చట్టం వర్తిస్తుందన్నారు. అంటే ఇన్నేళ్లుగా అందరూ వాడుకుంటున్న సందు మూసేశారు, ఇక చట్టాన్ని మార్చడం తప్ప దారి లేకుండా పోయింది. పార్లమెంటు ఉమ్మడి కమిటీ 1967లో సెన్సార్ ఎత్తేయమని సిఫార్సు చేసింది. విక్టోరియా రాణికీ ఫ్లోరెన్స్ నైటింగేల్‌కీ మధ్య ప్రేమ కథ పెట్టిన బాండ్ తర్వాతి నాటకం ‘అర్లీ మార్నింగ్’ని మొత్తంగా నిషేధించారు. లేబర్ ఎంపీ జార్జ్ స్ట్రాస్ తెచ్చిన బిల్లు 1968లో చట్టమైంది, సెప్టెంబర్‌లో అమల్లోకొచ్చింది. మరుసటి ఏడాదే రాయల్ కోర్ట్ బాండ్ నాటకాల్ని బహిరంగంగా ఆడింది.

మన దగ్గర బ్రిటిష్‌వాళ్లు 1876లో పెట్టిన నాటక ప్రదర్శనల చట్టమూ ఇదీ ఒకటి కాదు గానీ, భయం మాత్రం అదే. అది 2018 దాకా చట్టాల్లో అలాగే ఉండిపోయింది.

సెన్సార్ పోయాక బాండ్ దారి సులువైందా అంటే కాలేదు. 1971లో ‘లియర్’, 1973లో ‘బింగో’ వచ్చాయి, 1978లో నేషనల్ థియేటర్‌లో ‘ది ఉమన్’ని తనే డైరెక్ట్ చేశాడు. 1985లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో ‘వార్ ప్లేస్’ రిహార్సల్స్ మధ్యలో గొడవపడి బయటికొచ్చేశాడు. ఆ తర్వాత పెద్ద థియేటర్లకి మెల్లగా దూరమయ్యాడు. వాళ్లకి నాటకం సరుకు అయిపోయిందన్నది ఆయన కోపం. తప్పు అంతా వాళ్లదేనని నేననను, ఆయనతో పని చేయడం కష్టమని చాలామంది చెప్పారు. కానీ ఫ్రాన్స్‌లో అలాన్ ఫ్రాన్సాన్ లాంటి దర్శకులు ఆయన నాటకాల్ని పెద్ద స్టేజీల మీద ఆడుతున్న రోజుల్లో, సొంత దేశంలో ఆయన బర్మింగ్‌హామ్‌లోని బిగ్ బ్రమ్ అనే చిన్న బృందంతో స్కూలు పిల్లల కోసం రాశాడు. దాన్ని ఆయన చిన్న పని అనుకోలేదు, నాకూ అలా అనిపించదు. 1995లో సారా కేన్ అనే రచయిత్రి నాటకం ‘బ్లాస్టెడ్’ మీద పత్రికలు విరుచుకుపడినప్పుడు ఆమె పక్షాన గట్టిగా నిలబడ్డవాళ్లలో ఆయన ఒకడు. 1984 తర్వాత ‘సేవ్డ్’ మళ్లీ లండన్‌లో ఆడటానికి 27 ఏళ్లు పట్టింది, 2011లో లిరిక్ హామర్‌స్మిత్‌లో ఆడారు.

మొదటిసారి చదివేవాళ్లు ‘సేవ్డ్’ కన్నా ‘బింగో’తో మొదలుపెట్టండి. రిటైరై సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ చేరిన షేక్‌స్పియర్ ముందు, ఊరి ఉమ్మడి భూముల్ని పెద్ద రైతులు కంచె వేసి కలిపేసుకుంటుంటారు. తన భూమికి నష్టం రాకుండా రాసిస్తే చాలని ఆయన సంతకం పెట్టి ఊరుకుంటాడు, పేదలు రోడ్డున పడతారు.