చిగురుకు వేసే సూదిమందు, చచ్చుబడే కండరాలు

పన్ను పీకే ముందు డాక్టరు చిగురుకు వేసే మత్తు సూదిలో సాధారణంగా ఉండేది లిగ్నోకేయిన్. 1943లో స్వీడన్‌లో రూపొందిన ఈ మందు నాడికి హాని చేయదు. నాడిలో సంకేతం పుట్టాలంటే సోడియం అయాన్లు లోపలికి రావలసిన సన్నని ద్వారాలను కొంతసేపు మూసి ఉంచుతుంది, అంతే. దానికి దగ్గరి బంధువైన మెక్సిలెటిన్ మాత్ర రూపంలో పనిచేస్తుంది. గుండె లయ తప్పినవారికి దీన్ని వైద్యులు చాలాకాలంగా ఇస్తున్నారు.

మోటార్ న్యూరాన్ వ్యాధిలో, ముఖ్యంగా ఏఎల్‌ఎస్ అనే రకంలో, కండరాలను కదిలించే నాడీకణాలు మెదడులోనూ వెన్నుపాములోనూ క్రమంగా నశిస్తాయి. అయితే అవి మౌనంగా నశించవు. ఆజ్ఞ లేకుండానే సంకేతాలు పంపుతుంటాయి. చర్మం కింద కండరం అదిరేదీ, పిక్కలు పట్టేసేదీ అందువల్లే. తెరుచుకున్న వెంటనే మూసుకోవలసిన సోడియం ద్వారాలు పూర్తిగా మూసుకోకపోవడం ఈ అలజడికి ఒక కారణం. నాడీ తంతువుల్లో ఈ ఉద్రేకం ఎక్కువగా ఉన్న రోగులు తక్కువ కాలం జీవించారని జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో చూపారు. ఈ వ్యాధికి 1995లో అమెరికాలో అనుమతి పొందిన తొలి మందు రిలుజోల్ కూడా కొంతవరకు ఈ ద్వారాల మీదే పనిచేస్తుంది. ఆ మాత్రను నలిపి వేసుకుంటే నోరు తిమ్మిరెక్కడం లిగ్నోకేయిన్‌తో దానికున్న ఈ పోలికకు గుర్తే.

అలాంటప్పుడు మెక్సిలెటిన్ వ్యాధి వేగాన్ని తగ్గించగలదా? అమెరికాలో 60 మందిపై 12 వారాలపాటు జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. కొందరికి రోజుకు 300 మిల్లీగ్రాములు, కొందరికి 900, మిగిలినవారికి పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. క్షీణత వేగంలో తేడా కనబడలేదు. అంత తక్కువ మందితో, అంత తక్కువ కాలంలో ఆ విషయం తేలుతుందని ఆశించడం కూడా కష్టమే. కానీ కండరాలు పట్టేయడం మాత్రం బాగా తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే 300 మోతాదులో సుమారు మూడో వంతుకు, 900 మోతాదులో ఆరో వంతుకు పడిపోయింది. అయితే పెద్ద మోతాదు తీసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మంది దుష్ప్రభావాలను తట్టుకోలేక మందు మానేశారు.

నా దృష్టిలో ఇది చిన్న ఫలితం కాదు. రాత్రి పిక్క పట్టేస్తే మనం లేచి, కాలు చాచి, మడమ నేలకు నొక్కి ఉపశమనం పొందుతాం. చేతులూ కాళ్లూ కదలని మనిషికి ఆ వీలు లేదు. పక్కన పడుకున్నవారిని లేపి కాలు సాగదీయించుకోవాలి, మాట కూడా పోయి ఉంటే అదీ కష్టమే. 2018లో వెలువడిన మరో పరీక్షలో 20 మంది రోగులు మందునూ, ఉత్తుత్తి మాత్రనూ వేర్వేరు వారాల్లో తీసుకున్నారు. 150 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వేసుకున్న కాలంలో 18 మందికి ఈ బాధ తగ్గింది. సగటున రోజుకు 5.3 సార్లు పట్టేసేది 3.5కు దిగింది.

గుండె లయను సరిచేసే ఈ మందే కొందరిలో ఆ లయను చెడగొట్టగలదు. అందుకే మొదటి మాత్రకు ముందు ఈసీజీ తీయించాలి. గుండెలో సంకేతాల ప్రసారానికి తీవ్రమైన అడ్డంకి ఉండి పేస్‌మేకర్ లేనివారికి దీన్ని ఇవ్వరు.