మాధవీలత కూడా కలుపు కాగలదు: పూల తీగల గురించి అపోహలు - వాస్తవాలు

తొలకరి పడితే చాలు, మా నర్సరీకి తీగల కోసం వచ్చేవాళ్లు పెరుగుతారు. అందరూ అడిగేవి దాదాపు ఒకటే. పందిరి త్వరగా కప్పేయాలి, ఏడాదంతా పూయాలి, నాలుగు రోజులు నీళ్లు పోయకపోయినా చావకూడదు. అలాంటి తీగలు నా దగ్గర ఉన్నాయి. కానీ ఇంట్లో పందిరిని త్వరగా కప్పే తీగ వీధిలోకి వెళ్తే పక్కవాళ్ల కంచెనీ, కాలువ గట్టునీ అంతే త్వరగా కప్పేస్తుంది. ఆ సంగతి కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

కడియం ప్రాంతంలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నాను. కొమ్మలు నాటాను, అంట్లు కట్టాను, అమ్మాను, చుట్టాలకీ స్నేహితులకీ ఊరికే ఇచ్చాను. తీగలంటే నాకు ప్రాణం. అందుకే వాటిని పంచుకోవద్దని నేను చెప్పను. ఇచ్చే కొమ్మతో పాటు అది ఎలా పాకుతుందో కూడా చెప్పి ఇవ్వాలి. ఈ మాట నాకు మొదట్లో తెలియదు, ఒక తప్పు చేశాక తెలిసింది. ఆ సంగతి కింద చెప్తాను.

అపోహ: మన దేశపు తీగ అయితే ఎక్కడ నాటినా భయం లేదు

ఎక్కువమంది నమ్మేది ఇదే. దీనికి జవాబుగా మాధవీలతను చూపిస్తాను. తెల్లటి రేకులు, అంచుల్లో కుచ్చులు, ఒక రేకు మీద పసుపు మచ్చ, దగ్గరికి వెళ్తే మనసు నిండిపోయే వాసన. మామిడి చెట్టుకు మాధవీలతను అల్లించడం మన కావ్యాల్లో కనిపించే మాటే. ఇంతకంటే మనదైన తీగ ఇంకేముంటుంది?

దీని శాస్త్రీయ నామం హిప్టేజ్ బెంగాలెన్సిస్. ఎగరడం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. కాయకు మూడు రెక్కలుంటాయి. ఎండాక గాలి వీస్తే గిరగిరా తిరుగుతూ చాలా దూరం పోతుంది. ఈ తీగను అందం కోసమే మారిషస్, రీయూనియన్ దీవులకు తీసుకెళ్లారు. అక్కడ అది తోటలు దాటి అడవుల్లోకి వెళ్లింది. చెట్ల మీదికి ఎక్కి, వెలుతురు రాకుండా కప్పేసి, మనిషి దూరలేనంత దట్టంగా అల్లుకుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన వంద ఆక్రమణ జాతులు అంటూ ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు ఇచ్చిన జాబితాలో మన మాధవీలత పేరు ఉంది. అమెరికాలో దక్షిణ ఫ్లోరిడా అడవుల్లోనూ ఇది తలనొప్పిగా మారింది.

మారిషస్ అంటే మనకు పరాయి చోటు కాదు. 19వ శతాబ్దంలో మా జిల్లా పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఇక్కడ మనం అపురూపంగా చూసుకునే తీగను అక్కడి అడవి పనివాళ్లు కత్తులు పట్టుకుని నరుకుతుంటారు. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు చాలా బాధగా అనిపించింది.

తీగ గుణం ఏమీ మారలేదు, దాని చుట్టూ ఉన్నవి మారాయి. పుట్టిన చోట దాని ఆకు తినే పురుగులు, దానితో పోటీపడే చెట్లు, దానికి పట్టే తెగుళ్లు అన్నీ కలిసి వేల ఏళ్లుగా అదుపులో ఉంచుతాయి. సముద్రం దాటించినప్పుడు మనం తీగను మాత్రమే తీసుకెళ్తాం, మిగిలినవన్నీ ఇక్కడే ఉండిపోతాయి.

అపోహ: విదేశీ తీగలన్నీ ప్రమాదమే

ఇదీ నిజం కాదు. కాగితం పూల తీగ మనది కాదు. 1767లో ఫ్రెంచి నౌకాయాత్రలో బ్రెజిల్‌లోని రియో దగ్గర సేకరించిన మొక్క అది. ఈ రోజు మన హైవేల మధ్య, బడి గోడల మీద ఎక్కడ చూసినా అదే. ఇన్నేళ్లలో మా ప్రాంతంలో అది తనంతట తాను అడవిలోకి పాకడం నేను చూడలేదు, ఎందుకంటే ఇక్కడ దానికి విత్తనం పట్టడమే అరుదు. కాబట్టి పుట్టిన ఊరు ఒక్కటే చూడొద్దు, పాకే పద్ధతి చూడండి.

అపోహ: మొదలంటా నరికేస్తే తీగ చచ్చిపోతుంది

నేను చేసిన తప్పు ఇక్కడిదే. గులాబీ రంగు పూలగుత్తులు, హృదయం ఆకారంలో ఆకులు ఉండే కోరల్ క్రీపర్ మీరు చూసే ఉంటారు. రైల్వే కంచెల మీద, పాత బంగళాల గోడల మీద విరగబూస్తుంది. పుట్టిల్లు మెక్సికో. మా పెదనాన్నగారి అమ్మాయి, మా అక్క ఇల్లు కాలువ గట్టు మీద ఉంటుంది. "తమ్ముడూ, పెరటి కంచె బోసిగా ఉందిరా, ఏదైనా పూల తీగ ఇవ్వు" అంటే సంతోషంగా రెండు మొక్కలు పట్టుకెళ్లి నేనే నాటి వచ్చాను. మొదటి ఏడాది కంచె అంతా గులాబీ రంగే. అక్క ఫొటోలు తీసి పంపేది. మూడో ఏటికి అది కంచె దాటి గట్టు మీద ఉన్న తుమ్మ మొక్కను కప్పేసి, పక్కవాళ్ల అరటి పిలకల మీద పడింది.

బావగారు మనిషిని పెట్టి మొదలంటా నరికించారు. నలభై రోజులు తిరక్కుండానే చుట్టూ ఆరేడు చోట్ల చిగుళ్లు వచ్చాయి. ఈ తీగకు భూమిలో దుంపలుంటాయి. పైన ఎంత నరికినా దుంపలో దాచుకున్న బలంతో మళ్లీ లేస్తుంది. పైగా దీని గింజ చుట్టూ ఎండిన పూల భాగాలు అలాగే అంటుకుని ఉంటాయి. నీళ్లలో పడితే తేలుతుంది. ఇంటి పక్కన కాలువ ఉంటే దానికి బండి కట్టి ఇచ్చినట్టే. నేను ఇదేమీ ఆలోచించకుండా సరిగ్గా కాలువ గట్టునే నాటాను.

వదిలించుకోవాలంటే నరకడం మొదటి మెట్టు మాత్రమే. వాన పడి నేల మెత్తబడ్డాక గునపంతో దుంపలు ఒక్కొక్కటీ పూర్తిగా తవ్వి తీయాలి. తెగిన ముక్క వదిలితే అదే మళ్లీ తీగవుతుంది. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి వెళ్లి, వచ్చిన చిగురు వచ్చినట్టు లాగేయాలి. ఆకు విచ్చుకోనివ్వకపోతే దుంపకు తిండి అందదు, నెమ్మదిగా బలం తగ్గుతుంది. ఒక్క సీజన్‌లో అయిపోయే పని కాదిది.

గోడకు పిల్లి గోళ్లలాంటి మూడు కొక్కేలతో అంటుకుని పసుపు పూలు పూసే క్యాట్స్ క్లా తీగదీ ఇదే పద్ధతి. వేళ్ల వెంబడి దుంపలు, పొడవాటి కాయల్లో పల్చటి రెక్కల గింజలు. ఆస్ట్రేలియా దీన్ని జాతీయ స్థాయి కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నా నేను అమ్మడం మానేశాను.

అపోహ: గింజ పట్టని తీగతో గొడవ లేదు

రాధామనోహరాన్నే చూడండి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, ఆ తర్వాత ఎర్రబడే పూలు. మొదటి రాత్రి ఆ తెలుపుకీ వాసనకీ పెద్ద రెక్కల చిమ్మెటలు వస్తాయి. రంగు మారాక పగటి పూట తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి. దీని పాత శాస్త్రీయ నామం క్విస్క్వాలిస్. లాటిన్‌లో "ఎవరు, ఎలాంటిది" అని అర్థం. మొదట పొదలా కనిపించి తర్వాత తీగై పాకుతుంది కాబట్టి ఆ పేరు సరిగ్గా సరిపోయింది.

మన ఇళ్లలో దీనికి కాయలు అరుదు. కానీ వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది. తల్లి మొక్క గేటు దగ్గరుంటే పిలక అటు సంపు పక్కనో, ఇటు పక్కింటి వాకిట్లోనో లేస్తుంది. అయినా ఇది నేను ఇప్పటికీ ఇష్టంగా ఇచ్చే తీగే. ఏడాదికి ఒకసారి పూత తగ్గాక గట్టిగా కత్తిరించాలనీ, పిలక కనబడగానే వేరుతో సహా తీయాలనీ, రేకుల కప్పు మీదికి ఎక్కనివ్వకూడదనీ చెప్పి ఇస్తాను. ముదిరితే దాని బరువు చిన్న పందిరి మోయలేదు.

అపోహ: కుండీలో ఉంటే పాకదు

కుండీ అడుగు కన్నంలోంచి వేరు నేలలోకి దిగుతుంది, తీగ గోడ మీదుగా అవతలికి దిగి కణుపు దగ్గర వేరు పోస్తుంది. కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టి, రెండు నెలలకోసారి కదిపి చూడండి. కదలకపోతే వేరు దిగిందని అర్థం.

అపోహ: కత్తిరించిన కొమ్మలు గట్టున పారేస్తే ఎండిపోతాయి

తీగలు బయటికి పోవడానికి గింజ కంటే, పక్షి కంటే మనమే ఎక్కువ కారణమని నా అనుభవం. ఆదివారం పూట తోట బాగుచేసి, మోపు కట్టి, చెరువు గట్టునో కాలువలోనో పారేస్తాం. చాలా తీగలకు కణుపు తడి నేలను తాకితే చాలు, బతికేస్తాయి. మేం నర్సరీలో మొక్కలు తయారుచేసే పద్ధతే అది కదా!

తూటికాడ చరిత్ర గుర్తుచేసుకోండి. కొన్ని ఊళ్లలో లొట్టపీసు అంటారు. గరాటులాంటి లేత గులాబీ పూలు. దక్షిణ అమెరికా నుంచి పూల కోసం, పచ్చటి కంచె కోసం తెచ్చిన మొక్క. పశువులు ముట్టవు కాబట్టి కంచెకు బాగుంటుందనుకున్నారు. పశువులు ముట్టకపోవడం వల్లే అది ఆగలేదు. విరిగిన కాడ నీళ్లలో కొట్టుకుపోయి ఎక్కడ ఒడ్డు తగిలితే అక్కడ నాటుకుంది. ఈ రోజు అది లేని చెరువు గట్టు చూపించడం కష్టం. గుర్రపుడెక్కను కూడా ఊదా రంగు పూల మోజుతోనే మన దేశానికి తెచ్చుకున్నారు.

కత్తిరించిన తీగను నల్ల పాలిథిన్ కవర్లో కుక్కి, మూతి బిగించి, ఎండలో పెట్టండి. వేసవిలో మూడు నాలుగు వారాలకు ఉడికినట్టు అయిపోతుంది. దుంపలకు ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. గింజలున్న కొమ్మలూ దుంపలూ ఇంటి కంపోస్టులో వేయొద్దు, అక్కడి వేడి వాటికి చాలదు.

అపోహ: తేనెటీగలు వాలుతున్నాయి కాబట్టి ప్రకృతికి మంచిదే

కోరల్ క్రీపర్ పూసినప్పుడు తేనెటీగల రొద వీధి చివరికి వినబడుతుంది. అది నిజం, అందులో ఆనందమూ ఉంది. కానీ అదే తీగ గట్టును కప్పేస్తే కింద ఉన్న తిప్పతీగ, గురివింద, దూసరితీగ, అడవి దొండ అన్నీ పోతాయి. వాటి పూల కోసం, కాయల కోసం, ఆకుల కోసం వచ్చే పురుగులూ పిట్టలూ కూడా పోతాయి. ఒకే రకం భోజనం ఎంత పెట్టినా అందరి కడుపూ నిండదు.

అపోహ: రెండు కొమ్మలు సూట్‌కేసులో వేసుకెళ్తే ఏమవుతుంది?

సెలవులకు వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లేటప్పుడు ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. "బాబాయ్, తడి గుడ్డలో చుట్టి ఇవ్వండి, ఎవరూ చూడరు" అని. అమ్మ నాటిన తీగ తమ వాకిట్లోనూ ఉండాలన్న ఆశ నాకు అర్థమవుతుంది. అయినా ఇవ్వను. మొక్కకు తెగుళ్లూ పురుగులూ లేవని ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా నాటుకునే మొక్కలు తీసుకెళ్లడం అమెరికాలోనైనా ఆస్ట్రేలియాలోనైనా నేరమే. దొరికితే ఎంత టెన్షనో పక్కన పెట్టండి, దొరక్కపోతే ఇంకా పెద్ద నష్టం.

అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు కుడ్జు తెలుసు. రోడ్ల పక్కన చెట్లనూ పాత ఇళ్లనూ కప్పేసే తీగ. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో జపాన్ వాళ్లు పెట్టిన అందమైన తోట తీగ అది, పూలకు మంచి వాసన. 1930ల్లో నేల కోత ఆపడానికి నాటమని ప్రభుత్వమే రైతులకు డబ్బులిచ్చింది. 1953కి సిఫారసు చేసే మొక్కల్లోంచి తీసేసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. అక్కడుండేవాళ్లు అక్కడి నర్సరీలో, ఆ రాష్ట్రంలో అనుమతి ఉన్న మల్లెజాతి మొక్క ఏదో అడిగి కొనుక్కోవడమే మేలు. మల్లెజాతుల్లోనూ కొన్ని ఫ్లోరిడాలో ఆక్రమణ మొక్కల జాబితాకెక్కాయి, కాబట్టి అడగకుండా కొనొద్దు.

ఇప్పుడు నేనెలా ఇస్తున్నానంటే

ముందు ఎక్కడ నాటుతారో అడుగుతాను. కాలువ, చెరువు, అడవి, చేను పక్కనుంటే దుంప తీగలూ, తేలే గింజల తీగలూ ఇవ్వను. వాటి బదులు సన్నజాజి, విరజాజి, మనోరంజితం ఇస్తాను. శంఖుపుష్పం కాయలు పేలి గింజలు చిమ్ముతాయి గానీ మొలకలు చేత్తో లాగేస్తే వచ్చేస్తాయి, కాబట్టి దాన్నీ ఇస్తాను. కవరు మీద తీగ పేరు, ఎలా పాకుతుంది, ఎప్పుడు కత్తిరించాలి, ఈ మూడూ మార్కర్‌తో రాస్తాను. మీరు పక్కింటివాళ్లకు కొమ్మ ఇచ్చేటప్పుడు కూడా ఇలా రాసి ఇవ్వొచ్చు, రెండు నిమిషాల పని.

అక్క ఇంటి దగ్గర తీగ సంగతి ఇంకా తేలలేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్టు కిందివరకూ దిగగలం కాబట్టి ఏటా అప్పుడు నేనూ బావగారూ వెళ్తాం. మొదటి ఏడు తీసిన దుంపలు రెండు గోనె సంచులు నిండాయి. ఈ ఏడు ఒక బక్కెట్టు కూడా నిండలేదు. కిందికి అర ఫర్లాంగు దూరంలో రేవు మెట్ల పక్కన మాత్రం కొత్తగా రెండు మొలకలు కనబడ్డాయి. లాగేశాం. తొలకరి తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి.