పాటిదిబ్బ గుల్లలకు కోట్లు రావు

రొయ్యల చెరువు తవ్వినా గుల్లలే, పాడుబడ్డ పాలెం తాలూకు పాటిదిబ్బ గీకినా గుల్లలే. వెంటనే "డైనోసార్ కాలం నాటివి, కోట్లు పలుకుతాయి" అని పుకారు. ఒంగోలులో జియాలజీ పాఠాలు చెబుతాను కాబట్టి ఆ గుల్లల సంచులు చివరికి నా దగ్గరికే వస్తాయి.

అపోహ: కార్బన్ టెస్టులో 12 కోట్ల ఏళ్లని తేలితే విదేశాలవాళ్లు కొంటారు.

వాస్తవం: పచ్చి మోసం. ఈ టెస్టు కొలిచేది జీవుల్లో ఉండే కార్బన్-14 అనే రకం కార్బన్‌ని. జీవి చచ్చాక అది దాదాపు 5,730 ఏళ్లకోసారి సగమైపోతుంది. 50 వేల ఏళ్లు దాటాక కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. కోట్ల ఏళ్లని కార్బన్ టెస్టు తేల్చిందంటూ కాగితం చూపిస్తే, అది దొంగ కాగితం. కొత్తపట్నం వైపు నుంచి ఒకాయన టెస్టు ఫీజు కట్టడానికి భార్య గొలుసు తాకట్టు పెట్టాలనుకుని, ముందు నన్ను అడుగుదామని వచ్చాడు. "బ్రోకరు రేపే ఆఖరు అంటున్నాడు సార్" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. "రూపాయి కూడా ఇవ్వొద్దన్నా" అని ఒక గుల్లను ఆయన చేతిలోనే పెట్టి రుద్దించాను. వేలికి సున్నం అంటింది. మెరుపు పోయినా అది ఇంకా గుల్లే, రాయి కాలేదు. సుమారు 6 వేల ఏళ్ల కిందట పెన్నా డెల్టాలో సముద్రం ఇప్పటికంటే బాగా నేల లోపలికి వచ్చి ఉండేది. అది వెనక్కి తగ్గుతూ వదిలిన ఇసుక దిబ్బల్లో ఇలాంటివి లెక్కలేనన్ని. పాటిదిబ్బ మీద జనం వండుకు తిని పారేసినవీ ఉంటాయి.

నిజంగా పాతవి కావాలంటే పాత ప్రకాశం జిల్లాలోని వేమవరం షేల్ (బురద గట్టిపడి పొరలుగా ఏర్పడ్డ రాయి) చూడాలి. పలకను పొరగా విడదీస్తే దువ్వెన పళ్లలాంటి ఆకు అచ్చు, ప్టిలోఫిల్లం అనే అంతరించిన మొక్కది. అదే రాతిలో అమ్మోనైట్ అనే, చుట్టలు తిరిగిన గుల్ల ఉండే అంతరించిన సముద్రజీవి అచ్చు కూడా! నేల మీది ఆకు, కడలిలోని జీవి ఒకేచోట పూడాయంటే ఒడ్డు దగ్గర్లోనే ఉండేదన్నమాట. 12 కోట్ల ఏళ్లకు పైబడిన మాట అది. ఆ పలకను పెకలించి అమ్మకానికి పెడితే ఏ పొరలోది, దేని పక్కనుంది అన్న సంగతి పోతుంది. మాకు కావలసింది అదే. అందుకే బతిమాలుతున్నా, కదిలించకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని దగ్గర్లోని జియాలజీ విభాగానికి చూపించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. గుండ్రటి రాళ్లన్నీ గుడ్లు కావు, ఖనిజం గడ్డకట్టినా గుండ్రంగానే వస్తుంది. డైనోసార్ గుడ్లు దొరికింది గుజరాత్ బాలాసినోర్ లాంటి చోట్ల. ఆకు అచ్చు కనబడిందని పొలం సర్కారు పాలైపోతుందేమోనని నిద్ర మానుకునేవాళ్లకు ఒక మాట: ఇన్నాళ్లలో అలా పొలం పోగొట్టుకున్న రైతును నేను ఒక్కర్నీ చూడలేదు.