ష్రాప్‌షైర్ శిథిలాలు: గేటు దగ్గర వినబడే అపోహలు, గోడలు చెప్పే వాస్తవాలు

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్‌ను ఆనుకుని ఉన్న జిల్లా ష్రాప్‌షైర్. సరిహద్దు కాపలాకు నార్మన్ ప్రభువులు కట్టిన కోటలు, సెవర్న్ నది పొడవునా సన్యాసులు కట్టుకున్న మఠాలు, అంతకు ముందటి రోమన్ నగరం, ఇంకా ముందటి రాతి వలయం అన్నీ ఇక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయి. బర్మింగ్‌హామ్ నుంచి ష్రూస్‌బరీకి రైల్లో గంట దూరమే కాబట్టి చదువుకునే పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కుటుంబాలు వారాంతాల్లో బయల్దేరుతుంటారు. ఈ కట్టడాలను చూపించేవాళ్లకూ, బాగుచేసేవాళ్లకూ పదేపదే వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఇవన్నీ క్రామ్‌వెల్ ఫిరంగులు కూల్చినవే

1640లలో రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో (క్రామ్‌వెల్ పార్లమెంటు పక్షపు సేనాని) కొన్ని దెబ్బతిన్న మాట నిజం. బ్రిడ్జ్‌నార్త్ కోట బురుజును 1646లో పునాది తవ్వి పేల్చారు. అది పూర్తిగా పడిపోలేదు, దాదాపు 15 డిగ్రీలు వాలి ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. పీసా గోపురం వాలు 4 డిగ్రీలే. ఇది ఊరి పార్కులోనే ఉంది, టికెట్ లేదు.

కానీ మిగతావాటికి క్రామ్‌వెల్‌తో సంబంధం తక్కువ. మొదటి ఎడ్వర్డ్ రాజు ఛాన్సలర్ రాబర్ట్ బర్నెల్ 1284లో అనుమతి పొంది కట్టుకున్న ఆక్టన్ బర్నెల్ కోట 1420 నాటికే పాడుబడింది. మఠాల సంగతి పూర్తిగా వేరు. 1536-1540 మధ్య ఎనిమిదో హెన్రీ వాటిని మూసేసి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. అప్పుడు గోడలకంటే ముందు పోయింది పైకప్పు మీది సీసం. రేకులు ఊడదీసి, కరిగించి, దిమ్మలు పోసి అమ్మేశారు. సీసం పోతే వాన లోపలికి దిగుతుంది, దూలాలు కుళ్లుతాయి, కప్పు కూలుతుంది. ఆ తర్వాత చెక్కిన రాయి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు దగ్గర్లో దొరికే క్వారీ అయింది.

అందుకే ఏది మిగిలిందో చూస్తే అక్కడ ఎవరు కాపురం ఉన్నారో తెలుస్తుంది. హామండ్ మఠంలో చర్చి పునాదుల దాకా పోయింది. సన్యాసులు సమావేశమయ్యే గది ముఖద్వారం, మఠాధిపతి హాలు మాత్రం నిలిచాయి. 1539 తర్వాత కొన్నవాళ్లు ఆ భాగాన్ని ఇల్లుగా మార్చుకున్నారు, చర్చితో వాళ్లకు పని లేకపోయింది.

అపోహ: గోడల నిండా ఉన్న రంధ్రాలు ఫిరంగి గుళ్ల దెబ్బలు

ఈ ఒక్కటి సరిచేసుకుంటే శిథిలం చూడటమే మారిపోతుంది. గోడ లేస్తున్నప్పుడు మేస్త్రీలు పరంజా దుంగల చివరలను గోడలోకే దోపి, వాటిమీద పలకలు పరిచి, నిలబడి పని చేసేవారు. పని పూర్తయ్యాక దుంగ లాగేసి ఆ గుంతను చిన్నరాయితో, గారతో మూసేసేవారు. శతాబ్దాల వానకు ఆ మూత ఊడిపోయింది. గుర్తుపట్టడం తేలిక: చదరంగా, బెత్తెడు వెడల్పులో ఉంటాయి. అడ్డవరసల్లో, సుమారు మనిషి ఛాతీ ఎత్తు తేడాతో ఒకదానిపై ఒకటి వస్తాయి. గుండు దెబ్బకు వరస ఉండదు. రాయి చుట్టూ పెచ్చులు లేచి, లోతు తక్కువగా గిన్నెలా గుంట పడుతుంది.

అంతకంటే పెద్ద రంధ్రాలు ఒకే మట్టంలో వరసగా ఉంటే అక్కడ అంతస్తు దూలాలు కూర్చున్నాయని అర్థం. రంధ్రాలు లేకుండా గోడ మందం ఒక్కసారిగా తగ్గి అరుగులా మిగిలినా అదే, దూలాలు ఆ అరుగు మీద ఆనేవి. గాల్లో వేలాడుతున్నట్టు ఫైర్‌ప్లేస్ కనబడితే దాని కిందిగట్టు పైఅంతస్తు నేల మట్టం. బురుజు గోడ మీద ఏటవాలుగా గీత గాని, పొడుచుకొచ్చిన రాళ్ల వరస గాని ఉంటే పక్క భవనం కప్పు అక్కడ ఆనింది. మఠంలో అయితే ముందు తూర్పు ఎటో చూసుకోండి, బలిపీఠం అటే. దాని దగ్గర దక్షిణపు గోడలో చిన్న గూడు, అడుగున కన్నం ఉన్న తొట్టి కనబడితే అది పూజపాత్రలు కడిగిన నీళ్లు పోసేది.

ఇంకొక జాగ్రత్త. ఎర్రబారిన రాయి చూసి "కాలిపోయింది" అనేస్తారు. వేడికి ఇసుకరాయి ఎర్రబడటం నిజమే గానీ ఆక్టన్ బర్నెల్ రాయి రంగే ఎరుపు. మరక ఒకచోటే, ఫైర్‌ప్లేస్ చుట్టూనో కిటికీ పైననో ఉంటే అప్పుడు నిప్పును అనుమానించాలి.

అపోహ: చుట్టుమెట్లు కుడివైపుకే తిరుగుతాయి, కత్తి దూసే సైనికుడి కోసం

పైనున్నవాడికి కుడిచెయ్యి ఆడాలని, కింది నుంచి వచ్చే శత్రువుకు ఆడకూడదని అలా కట్టారని ప్రతి గుంపులో ఒకరు చెబుతారు. మధ్యయుగపు పత్రాల్లో ఎక్కడా ఈ మాట లేదు. 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన రాతల నుంచి ఇది పాకింది. ఎడమకు తిరిగే మెట్లూ చాలా కోటల్లో ఉన్నాయి. శత్రువు మెట్లదాకా వచ్చాడంటే కోట అప్పటికే పోయినట్టు.

పనికొచ్చే విషయం వేరే ఉంది. మెట్టు బయటి గోడవైపు వెడల్పు, నడిమి స్తంభంవైపు సన్నం. దిగేటప్పుడు వెడల్పు వైపే కాలు పెట్టండి, తాడు ఉంటే పట్టుకోండి. వాన పడ్డ మర్నాడు రాతి మెట్ల మీద పాచి జారుతుంది. తోలు అడుగు బూట్లు, చెప్పులు వద్దు. చీరతో వచ్చే పెద్దవాళ్లకు ఈ మెట్లు మేము సిఫారసు చేయం.

అపోహ: ప్రతి మఠం కింద రహస్య సొరంగం ఉంది

ఉన్నది మురుగు కాలువ. మఠం కట్టేముందు సన్యాసులు చూసుకునేది నీళ్లు. వాగును మళ్లించి, రాతితో కట్టిన కాలువలో వంటగది పక్కనుంచి, చివరికి మరుగుదొడ్ల వరస కింద నుంచి పారించేవారు. మనిషి వంగి నడవగలిగేంత ఎత్తున్న కాలువ ఎక్కడైనా బయటపడితే చాలు, మఠం నుంచి కోటకో సత్రానికో సొరంగం ఉందనే కథ పుడుతుంది. మామూలుగా సన్యాసుల నడవాల చతురస్రం చర్చికి దక్షిణాన, ఎండ తగిలే వైపు ఉంటుంది. 1135లో స్థాపించిన బిల్డ్‌వాస్ మఠంలో అది ఉత్తరాన ఉంది. నది అటుంది మరి.

అపోహ: కోట అంటే యుద్ధం కోసమే

స్టోక్‌సే కోట చూడండి. ఉన్ని వ్యాపారి లారెన్స్ ఆఫ్ లడ్‌లో 1281లో ఆ స్థలం కొన్నాడు, 1291లో రాజు నుంచి కోటగోడల అనుమతి తెచ్చుకున్నాడు. హాలుకు అంత పెద్ద కిటికీలు పెట్టుకున్నవాడు ముట్టడికి సిద్ధపడ్డాడంటే నమ్మలేం. కొంత దొంగల భయం, ఎక్కువగా హోదా. క్రేవెన్ ఆర్మ్స్ స్టేషన్ నుంచి మైలు నడక, అంతే. కారు లేనివాళ్లు మొదట చూడాల్సింది ఇదే అని మా అభిప్రాయం.

అపోహ: గోడల మీద గడ్డి మొలిచిందంటే పట్టించుకోవడం లేదు

చాలాచోట్ల ఆ గడ్డి కావాలని పెట్టిందే. కప్పులేని గోడకు ప్రాణహాని పైనుంచి. వాననీళ్లు గోడ తలలోంచి దిగి, చలికి గడ్డకట్టి, ఉబ్బి, రాళ్లను విడదీస్తాయి. అందుకే గోడ తల మీద మట్టి వేసి పచ్చికచెక్కలు పరుస్తారు. అది వానను పీల్చుకుంటుంది, రాత్రి చలికీ పగటి ఎండకీ మధ్య తేడాను తగ్గిస్తుంది. దానిమీదికి ఎక్కి ఫోటో దిగితే పచ్చిక పక్కకు జరుగుతుంది, ఆ సందులోంచి నీళ్లు దిగడం మొదలవుతుంది.

"సిమెంటు కొట్టేస్తే పోదా" అన్న ప్రశ్న కూడా ఉంటుంది. 20వ శతాబ్దంలో అలా కొట్టిన చోట్లే ఇప్పుడు బాధ. సున్నపు గార గాలి ఆడేది, గోడలోని తేమ అతుకుల్లోంచి బయటికి పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ రాయిలోంచే పోవాలి. అప్పుడు ఇసుకరాయి ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది, సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా ముందుకు పొడుచుకుని ఉంటాయి. మన పాత కోటలకు డంగు సున్నమే ఎందుకు వాడాలంటారో ఇక్కడా అదే కారణం. పైగా సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, ఆలోగా మంచు తగిలితే పొడి అయిపోతుంది. అందుకే మంచు భయం లేని నెలల్లోనే పని, పైన తడి గోనెపట్టాలు. కంచె వేసి నెలల తరబడి పరంజా కనబడితే పని ఆగిపోయిందనుకోకండి.

ఐవీ తీగను పీకొద్దు. వేర్లు అతుకుల్లోకి దిగి ఉంటే తీగతోపాటు రాయీ వస్తుంది.

అపోహ: మిచెల్స్ ఫోల్డ్ రాతి వలయం డ్రూయిడ్లు కట్టింది

కాదు. అది కంచుయుగపుది, 3,000 ఏళ్లు దాటింది. డ్రూయిడ్లు అంటే ప్రాచీన కెల్ట్ జాతుల పూజారులు, వాళ్ల ప్రస్తావన చరిత్రలోకి వచ్చేది అంతకు వెయ్యేళ్లకు పైగా తర్వాతే. ఇప్పుడు కనిపించేవి 15 రాళ్లు, కొన్ని మోకాలెత్తు కూడా లేవు. స్టోన్‌హెంజ్ ఊహించుకుని వెళ్తే నిరాశే. చుట్టూ కనిపించే కొండల కోసం వెళ్లండి.

అపోహ: బాస్కొబెల్‌లో ఉన్నది రెండో ఛార్లెస్ దాక్కున్న ఓక్ చెట్టే

వూస్టర్ యుద్ధంలో ఓడి 1651 సెప్టెంబరులో రాజు పగలంతా దాక్కున్న చెట్టును, జ్ఞాపకంగా కొమ్మలు విరుచుకుపోయేవాళ్లే చంపేశారు. ఇప్పుడున్నది దాని సంతతి అంటారు.

అపోహ: ఇంగ్లిష్ హెరిటేజ్ సభ్యత్వం ఉంటే అన్నీ ఉచితం

ఇంగ్లిష్ హెరిటేజ్ అంటే పాత కట్టడాలను చూసుకునే సంస్థ. దాని సభ్యత్వం స్టోక్‌సే, రోమన్ నగరం రాక్సిటర్, బాస్కొబెల్‌కు చెల్లుతుంది. హామండ్, బిల్డ్‌వాస్, ఆక్టన్ బర్నెల్, క్లన్, మోర్టన్ కార్బెట్, ఐరన్ బ్రిడ్జ్ చూడటానికి ఎవరికీ టికెట్టే లేదు. ఈ ఉచితమైనవాటి కోసమే అయితే సభ్యత్వం దండగ. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లకు 9, 16 రోజుల పాసులు వేరుగా ఉన్నాయి.

లడ్‌లో కోటకు మాత్రం విడిగా టికెట్ కొనాలి. అది ప్రైవేటు ఆస్తి. 1811లో రాజప్రభుత్వం (క్రౌన్) నుంచి దాన్ని కొన్నది ఎడ్వర్డ్ క్లైవ్, మొదటి పావిస్ ప్రభువు. ఈ జిల్లాలోనే పుట్టిన రాబర్ట్ క్లైవ్ కొడుకు. 1765లో మొఘల్ చక్రవర్తి నుంచి ఉత్తర సర్కారుల ఫర్మానా ఈస్టిండియా కంపెనీకి తెచ్చింది ఆ తండ్రి. 1800లో నిజాం దత్త మండలాలను వదులుకున్నప్పుడు మద్రాసు గవర్నరు ఈ కొడుకు. రాయలసీమనుంచి వచ్చినవాళ్లు లడ్‌లో గేటు దగ్గర ఈ సంగతి తెలిసి కాసేపు ఆగిపోతారు. ష్రూస్‌బరీ నడిబొడ్డున తండ్రి విగ్రహం ఉంది. మైసూరు నుంచి తెచ్చిన టిప్పు గుడారం సరిహద్దుకు అవతల పావిస్ కోటలో, నేషనల్ ట్రస్ట్ అనే మరో సంస్థ చేతుల్లో ఉంది. దానికి మూడో టికెట్.

అపోహ: మ్యాపులో ఉందంటే వెళ్లి చూడొచ్చు

రక్షిత కట్టడం అనే హోదా రాయిని కాపాడుతుంది. మీకు దారి ఇవ్వదు. చాలా దిబ్బలు, కందకాలు రైతుల పొలాల్లో ఉన్నాయి. ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసిన 1:25,000 మ్యాపులో పాత కట్టడాల పేర్లు పాతకాలపు వంకర అక్షరాల్లో ఉంటాయి. దాని పక్కనుంచి పచ్చ గీతల దారి పోతోందా లేదా చూడాలి. నేల మీద పసుపు బాణం కాలిబాట, నీలి బాణం గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదలాలి. దూడలున్న ఆవుల మందను దూరంగా చుట్టి వెళ్లండి.

8వ శతాబ్దంలో ఓఫా రాజు వేయించిన పొడవాటి మట్టికట్టే (ఓఫా కట్ట) వేల్స్‌తో ఇప్పటి సరిహద్దు అనుకోవడం కూడా ఇలాంటిదే. కొద్ది దూరం తప్ప రెండూ కలవవు. క్లన్ పడమర కొండల మీద కట్టకు రెండు పక్కలా ఇంగ్లండే. కందకం వేల్స్ వైపు ఉంటుంది, దిక్కు తప్పితే అదే గుర్తు.

అపోహ: పోస్ట్‌కోడ్ కొడితే కారు గేటు ముందు ఆగుతుంది

పల్లెల్లో ఒక్కో పోస్ట్‌కోడ్ మైళ్ల మేర పరుచుకుని ఉంటుంది, చివరికి ఎవరిదో పశువుల కొట్టం ముందు తేలతారు. మ్యాపులో ఆ చోటును చూపే గ్రిడ్ నంబరు రాసుకోండి. తెల్ల వృత్తంలో నల్ల గీత బోర్డు అంటే గరిష్ఠం 60 మైళ్లు, పొదల మధ్య ఒంటిబాటలో 20 దాటడమే ఎక్కువ. ఎదురు బండి వస్తే తప్పుకునే చోటు మీ ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లండి, కుడివైపు ఉంటే దానికెదురుగా ఆగండి. రివర్స్ గేర్ సరిగా రానివాళ్లు ముందు రోజు సాధన చేసుకోవాలి. ఇండియా లైసెన్సు 12 నెలలే చెల్లుతుంది.

ఉచిత స్థలాల్లో సిబ్బంది, మరుగుదొడ్డి, మంచినీళ్లు ఉండవు. "వెలుతురున్నంత సేపు" అని బోర్డు ఉంటే డిసెంబరులో అది నాలుగింటికే ముగుస్తుంది, జూన్‌లో తొమ్మిదిన్నర దాకా సాగుతుంది. టికెట్ ఉన్నవి చలికాలంలో చాలావరకు వారాంతాల్లోనే తెరుస్తారు, ఆదివారం బస్సుల్ని నమ్ముకోవద్దు. క్లన్ లోయలో సిగ్నల్ దొరకదు. ఫోన్‌లో ఇంగ్లిష్‌లో "రిజిస్టర్" అని అత్యవసర నంబరు 999కి మెసేజ్ పంపి, వచ్చే జవాబులో చెప్పినట్టు చేస్తే, మాట వినబడని చోట కూడా మెసేజ్‌తో సాయం అడగొచ్చు. ఇది ఇంట్లోనే చేసుకుని రావాలి.

అపోహ: రాక్సిటర్‌లో కింద పడున్న పెంకు తీసుకుంటే తప్పేముంది

రోమన్ బ్రిటన్‌లో నాలుగో పెద్ద నగరం అది. ఏడు మీటర్ల స్నానశాల గోడ పైకి నిలబడి ఉన్నా, నగరంలో చాలా భాగం ఇంకా పొలాల కిందే ఉంది. పెంకు ఎక్కడ, ఏ పొరలో దొరికిందన్నదే దాని విలువ, జేబులో పడ్డాక అది వట్టి కుండపెంకు. బయటపడి కనిపిస్తే కదపకుండా ఫోటో తీసి సిబ్బందికి చూపండి. రక్షిత స్థలంలో లిఖితపూర్వక అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం 1979 చట్టం కింద నేరం, పొలం యజమాని సరేనన్నా నేరమే. మరెక్కడైనా నిధి లాంటిది దొరికితే 14 రోజుల్లో ఆ ప్రాంతపు కరోనర్‌కు (ఇలాంటి నిధులను విచారించే అధికారికి) తెలపాలి. డ్రోన్ కూడా ముందుగా అనుమతి తీసుకోకుండా ఎగరేయకూడదు.